పాత లారీ – కొత్త ప్రమాణాలు

జాతీయ రహదారి పక్కన పది నిమిషాలు నిలబడి వచ్చేపోయే లారీలను గమనించండి. కొన్నింటి వెనుక పొగ దాదాపు కనిపించదు. మరికొన్ని వంతెన ఎక్కుతూ గేరు మార్చిన క్షణాన నల్లటి మబ్బు ఒకటి లేస్తుంది. రెండు రకాల లారీల డ్రైవర్ల దగ్గరా కాలుష్య పరీక్ష నెగ్గినట్లు పత్రం ఉంటుంది. రెండూ చట్టబద్ధంగానే తిరుగుతుంటాయి. ఇదెలా సాధ్యమని మీకు అనుమానం రావచ్చు.

సమాధానం ఒక చిన్న నియమంలో ఉంది. మన దేశంలో వాహనాల పొగకు పెట్టిన ప్రమాణాలు కొత్తగా తయారయ్యే వాహనాలకే వర్తిస్తాయి. 2008లో తయారైన లారీ 2008 నాటి ప్రమాణానికి సరిపోతే చాలు. 2020లో మరింత కఠినమైన ప్రమాణం వచ్చింది కాబట్టి నీ ఇంజను మార్చుకో అని దాని యజమానిని ఆ ప్రమాణం అడగదు. కాగితం మీద చూస్తే పాత లారీ యజమానికీ కొత్త ప్రమాణాలకూ సంబంధమే లేదు. కాని 1990ల నుంచి జరిగినది వరుసగా చూస్తే, ప్రమాణం బిగిసిన ప్రతిసారీ ఆ బరువులో కొంత పాత లారీ మీదికి చేరింది. నేరుగా రాలేదు. నగర ప్రవేశ నిషేధంగా, వయోపరిమితిగా, ఫిట్‌నెస్ రుసుముగా, పడిపోయిన అమ్మకం ధరగా వచ్చింది. అది ఎలా వచ్చిందో, ఎవరి దగ్గర ఆగిందో చూద్దాం.

మసి ఎక్కడిది?

ముందు ఇంజను సంగతి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని అంటిస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలిని బాగా అదిమితే అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిలును సన్నటి తుంపరగా చిమ్ముతుంది. తుంపర దానంతటదే అంటుకుంటుంది. తుంపర ఎంత సన్నగా ఉంటే అంత బాగా కాలుతుంది. నాజిల్ అరిగిపోయి చుక్కలు చుక్కలుగా పడినా, బరువు లాగడం కోసం ఎక్కువ ఇంధనం పంపినప్పుడు గాలి చాలకపోయినా, కాలని కర్బనం నల్లటి మసిగా బయటికి వస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు మీరు చూసే మబ్బు అదే.

పోనీ, బాగా వేడిగా కాల్చేస్తే మసి తగ్గుతుంది కదా అంటారా? తగ్గుతుంది. కాని అంత వేడిలో గాలిలోని నత్రజని ఆక్సిజన్‌తో కలిసి నత్రజని ఆక్సైడులు తయారవుతాయి. ఊపిరితిత్తులకు అవీ హానికరమే. మసిని తగ్గిస్తే ఆక్సైడులు పెరుగుతాయి, ఆక్సైడులను తగ్గిస్తే మసి పెరుగుతుంది. డీజిల్ ఇంజనీర్ల తలనొప్పి అంతా ఇక్కడే ఉంది.

మూడోది గంధకం. ఒకప్పుడు మన డీజిలులో పది లక్షల పాళ్లకు 10,000 పాళ్ల దాకా, అంటే నూటికి ఒక వంతు, గంధకం ఉండనిచ్చేవారు. అది కాలి సల్ఫేటు రేణువులవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరక పరికరాలను గంధకం పాడు చేస్తుంది. కాబట్టి డీజిలు శుభ్రపడకుండా ఇంజను శుభ్రపడదు. పొగ ప్రమాణాల చరిత్రలో లారీ కర్మాగారాలతోపాటు చమురుశుద్ధి కర్మాగారాలకూ సగం పాత్ర ఉన్నది అందుకే.

మెట్లు మెట్లుగా

1985లో ఎం.సి. మెహతా అనే న్యాయవాది ఢిల్లీ గాలి గురించి సుప్రీంకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ వ్యాజ్యం దశాబ్దాలపాటు నడిచింది. ఇకపై మనం చూడబోయే తీర్పుల్లో చాలావాటికి మూలం అదే. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో కేంద్ర మోటారు వాహనాల నియమాలు వచ్చాయి. కొత్త వాహనాలు ఎంత పొగ వదలవచ్చో చెప్పే తొలి ప్రమాణాలు పెట్రోలు వాహనాలకు 1991లో, డీజిల్ వాహనాలకు 1992లో అమలయ్యాయి. 1996లో వాటిని బిగించారు. అయినా అప్పటికి లారీల మసి రేణువుల బరువుకు పరిమితి లేదు.

ఆ పరిమితి 2000లో వచ్చింది. ఐరోపాలోని 'యూరో' ప్రమాణాలను అనుసరించి మన దేశం తెచ్చిన ప్రమాణాల వరుసకు అది మొదటి మెట్టు. తర్వాతి మెట్లకు 'భారత్ స్టేజ్' అని పేరు. లారీ ఓనర్ల నోట బి.ఎస్. 2, బి.ఎస్. 3 అయింది. 2005లో దేశమంతా బి.ఎస్. 2, 2010లో బి.ఎస్. 3, 2017లో బి.ఎస్. 4 వచ్చాయి. ఐదో మెట్టును దాటేసి 2020 ఏప్రిల్ 1న నేరుగా బి.ఎస్. 6కు వెళ్లాం.

అంకెలు చూస్తే ఈ మెట్ల ఎత్తు తెలుస్తుంది. పెద్ద లారీ ఇంజను ఒక కిలోవాట్-గంట పని చేసినందుకు 2000 నాటి ప్రమాణం 0.36 గ్రాముల మసి రేణువులను అనుమతించింది. బి.ఎస్. 2లో అది 0.15 అయింది, బి.ఎస్. 3లో 0.10, బి.ఎస్. 4లో 0.02, బి.ఎస్. 6లో 0.01. నత్రజని ఆక్సైడులు 8 గ్రాముల నుంచి 0.4 గ్రాములకు దిగాయి. పరీక్షించే పద్ధతి మధ్యలో మారింది కనుక ఇది ఉజ్జాయింపు పోలికే. అయినా 2000 నాటి ఒక లారీకి అనుమతించిన మసిలో 36 కొత్త లారీలు సర్దుకుపోతాయి! డీజిలులో గంధకం కూడా ఇలాగే దిగివచ్చింది: 10,000 పాళ్లున్నచోట ఇప్పుడు 10 పాళ్లు. డీజిలు ఎవరి ట్యాంకులో పోసినా అదే డీజిలు కాబట్టి, ఈ ఒక్క మార్పు వల్ల పాత లారీల పొగ కూడా, యజమాని పైసా ఖర్చు పెట్టకుండానే, కొంత మెరుగుపడింది.

ఈ మెట్లు ఊరూరా ఒకేసారి రాలేదు. శాస్త్రవేత్త ఆర్.ఎ. మషేల్కర్ అధ్యక్షతన 2001లో ఏర్పడిన నిపుణుల కమిటీ మరుసటి ఏడాది ఇచ్చిన నివేదిక ఆధారంగా 2003లో కేంద్రం వాహన ఇంధన విధానాన్ని ఆమోదించింది. దేశమంతటికీ శుభ్రమైన డీజిలు ఒకేసారి తయారుచేయడం చమురుశుద్ధి కర్మాగారాలకు సాధ్యం కాదు కాబట్టి, ముందు పెద్ద నగరాలకు, ఆ తర్వాత మిగతా దేశానికి అన్నారు. ఆ నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 2010లో హైదరాబాద్‌కు బి.ఎస్. 4 వస్తే విజయవాడకు, వరంగల్లుకు బి.ఎస్. 3 వచ్చింది. నగరంలో తిరిగే కారుకు ఈ ఏర్పాటు బాగానే ఉంది. నేషనల్ పర్మిట్ లారీ సంగతి వేరు. అది ఇవాళ హైదరాబాద్‌లో, ఎల్లుండి నాగపూర్‌లో, ఆ తర్వాత కాన్పూర్‌లో ఉంటుంది. దారిలో దొరికిన డీజిలే తాగుతుంది. అందుకని బయటి జిల్లాల్లో రిజిస్టరైన లారీలే నగరాలకూ సరుకు మోశాయి. ఒకే దేశంలో రెండు ప్రమాణాలు పెట్టిన ఆ ఏడేళ్లలో కొన్న బి.ఎస్. 3 లారీలు, తర్వాత మొదలైన నిషేధాలకు సరిగ్గా ఎదురెళ్లాయి. ఆ రోజు చట్టం కొనమన్న బండినే వాళ్లు కొన్నారు.

లారీకి మూడు జన్మలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన దేశంలో లారీల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఐదు లేక అంతకంటే తక్కువ బండ్లున్న చిన్న యజమానుల చేతుల్లో ఉన్నాయి. వారిలో చాలామంది షోరూముకు వెళ్లి కొత్త లారీ కొన్నవారు కారు.

ఒక లారీ జీవితాన్ని ఊహించండి. దాన్ని మొదట ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీ కొంటుంది. నాలుగైదేళ్లు దూరాభారం తిప్పుతుంది. సరుకు సమయానికి చేరాలి, బండి దారిలో ఆగిపోకూడదు. కాబట్టి మరమ్మతులు మొదలయ్యే వేళకు అమ్మేస్తుంది. రెండో యజమాని జిల్లా పట్టణంలో రెండు మూడు బండ్లు తిప్పుకునే ఆసామి. ఆయన మరో ఐదారేళ్లు ధాన్యానికో, సిమెంటుకో, పక్క రాష్ట్రాల మిర్చి లోడులకో తిప్పుతాడు. అప్పటికి ఇంజను ఒకసారి బోరుకొచ్చి ఉంటుంది. అప్పుడు మూడో యజమాని వస్తాడు. ఆయన అంతకుముందు పది పదిహేనేళ్లు మరొకరి లారీ మీద డ్రైవరు. దాచుకున్న డబ్బు, ఇంట్లో బంగారం తాకట్టు, ఫైనాన్స్ అప్పు కలిపి తొలిసారి ఓనర్ అవుతాడు. ఇసుక, ఇటుక, కంకర, మార్కెట్ యార్డు సరుకు ఆయన కిరాయిలు. పాతబండ్లకు బ్యాంకులు సులభంగా అప్పివ్వవు. చెన్నైలో 1979లో మొదలైన శ్రీరాం ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ దేశంలోని పెద్ద ఫైనాన్స్ కంపెనీల్లో ఒకటిగా ఎదిగింది ప్రధానంగా ఈ పాత లారీల అప్పుల మీదే. ఈ ఒక్క సంగతి చాలు, ఎంతమంది ఈ మెట్టు ఎక్కి డ్రైవరు నుంచి ఓనర్ అయ్యారో ఊహించడానికి.

ఈ వ్యవస్థ నిలబడింది రెండు ఆధారాల మీద. మొదటిది, పాత బండిని బాగుచేయగలగడం. పాత టాటా, లేలాండ్ ఇంజనుల్లో పంపు, నాజిళ్లు అన్నీ యాంత్రికమైనవే. విజయవాడ ఆటోనగర్‌లో పంపు మేస్త్రీలు, నాజిల్ పనివాళ్లు, బాడీ కట్టేవాళ్లు, లేతు యంత్రాల వాళ్లు వీధులకు వీధులే ఉన్నారు. పాత లారీకి అక్కడ దొరకని వైద్యం లేదు. బి.ఎస్. 4 నుంచి, మరీ ముఖ్యంగా బి.ఎస్. 6లో, ఇంజనును కంప్యూటర్ నడుపుతుంది. మసిని పట్టే వడపోత గొట్టం, నత్రజని ఆక్సైడులను విరిచేందుకు యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు, వాటికి తోడు సెన్సర్లు. స్పానర్‌తోపాటు స్కానర్ కూడా కావాలి. ఈ తరం లారీలు మూడో చేతికి వచ్చేసరికి వాటి మరమ్మతు ఖర్చు చిన్న ఓనర్ భరించేలా ఉంటుందా అన్నది ఆటోనగర్ ముందున్న కొత్త ప్రశ్న.

రెండో ఆధారం, చివరన కూడా బండికి ఎంతో కొంత ధర పలకడం. మూడో యజమానికి బ్యాంకు నిల్వ, పింఛను లాంటివి ఉండవు. ఆ లారీయే ఆయన ఆస్తి. ఏ రోజు ఏ అధికారి ఏ వయసు దాటిన బండ్లు రోడ్డెక్కరాదంటాడో, ఆ రోజు ఆ ఆస్తి తుక్కు ఇనుము అవుతుంది.

నిజం చెప్పాలంటే కొత్త ప్రమాణం వచ్చిన మొదటి ఏడాది పాత లారీ ఓనర్‌కు లాభమే. కొత్త బండి ధర లక్షల్లో పెరుగుతుంది కాబట్టి పాత బండికి గిరాకీ వస్తుంది. నష్టం తర్వాత వస్తుంది. కొత్త రకం లారీలు రోడ్డుమీదికి వచ్చాక, పాతవి "కాలుష్య లారీలు"గా వేరుపడతాయి. ఎవరిని ఆపాలో గుర్తించడానికి అధికారులకు ఒక గీత దొరుకుతుంది.

ఢిల్లీ గీసిన గీత

ఆ గీత మొదట ఢిల్లీలో పడింది. 1998లో సుప్రీంకోర్టు రాజధానిలో పాత వాణిజ్య వాహనాలను దశలవారీగా తొలగించమంది. 20 ఏళ్లు దాటినవి ఆ ఏడాది అక్టోబరు 2 తర్వాత, 17 నుంచి 19 ఏళ్లవి నవంబరు 15 తర్వాత, 15, 16 ఏళ్లవి డిసెంబరు 31 తర్వాత తిరగరాదు. మూడు నెలల్లో మూడు గడువులు! బస్సులన్నీ సహజవాయువుకు మారాలన్న ప్రసిద్ధ ఆదేశమూ ఆ ఏటిదే.

నష్టపరిహారం ఊసు లేదు. అలాగని కోర్టు అన్యాయం చేసిందని తేల్చేయడానికీ లేదు. ఆ గాలి పీల్చే పిల్లలకు, రోడ్డు పక్క బండి పెట్టుకున్నవాళ్లకు నష్టపరిహారం అంతకుముందు ఎవరిచ్చారు? 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ఆ పొగను అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువసేపు పీల్చేది క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరు, క్లీనరే. మూడో యజమాని విషయంలో ఓనరు, బాధితుడు ఒకే మనిషి.

తర్వాతి అధ్యాయం 2014, 2015లలో నడిచింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు 15 ఏళ్లు దాటిన వాహనాలను, ఆపై 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను ఢిల్లీ, పరిసర ప్రాంతాల్లో తిరగరాదంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. మధ్యలో, 2015లో, ఢిల్లీలోకి వచ్చే లారీల మీద పర్యావరణ పరిహార రుసుము పడింది. మొదట పెద్ద లారీకి 1,300 రూపాయలు; రెండు నెలలకే 2,600. 2005లోనో అంతకుముందో రిజిస్టరైన సరుకు వాహనాలకు అసలు ప్రవేశమే లేదన్నారు.

ఈ రుసుము వెనుక ఒక తెలివైన ఆలోచన ఉంది. ఢిల్లీలో పనిలేకపోయినా దగ్గరి దారని నగరం మధ్యలోంచి పోయే లారీలను పక్కకు మళ్లించడమే దాని ఉద్దేశం. నగరం చుట్టూ తూర్పు, పడమటి బాహ్య రహదారులు పూర్తయింది మాత్రం 2018లో. అంటే పక్కదారి పూర్తిగా వేయకముందే పక్కకు పొమ్మన్నట్లు!

నిషేధం పడ్డ లారీలు ఏమయ్యాయి? పదేళ్లు దాటిన డీజిల్ బండికి నిరభ్యంతర పత్రం తీసుకుని నిషేధం లేని మరో జిల్లాకో రాష్ట్రానికో రిజిస్ట్రేషన్ మార్చుకోవచ్చు. ధర పడిపోయిన ఢిల్లీ బండి మరో ఊళ్లో మరో మూడో యజమానికి చవకగా దొరుకుతుంది. దాని పొగ కూడా ఆ ఊరికే చేరుతుంది. ఆ ఊళ్లో గాలిని కొలిచే యంత్రం ఉండకపోవచ్చు. కోర్టుకెక్కే న్యాయవాది ఉండకపోవచ్చు.

2017 మార్చి 29న జరిగింది ఇంకో రకం. ఆ ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బి.ఎస్. 4 అని ముందే తెలుసు. అప్పటిదాకా తయారైన బి.ఎస్. 3 వాహనాలను ఆ తర్వాత కూడా అమ్ముకోవచ్చని కంపెనీలు నమ్మాయి. అంతకుముందు రెండుసార్లూ అలాగే జరిగింది. సుప్రీంకోర్టు ఈసారి ఒప్పుకోలేదు. తయారీ తేదీ కాదు, అమ్మకం తేదీ ముఖ్యమంది. అమ్ముడుపోని 8 లక్షలకు పైగా వాహనాల్లో 96 వేలకు పైగా లారీలు, ఇతర వాణిజ్య వాహనాలు. ప్రజల ఆరోగ్యం వ్యాపార నష్టం కంటే పెద్దదని ఆ తీర్పు సారాంశం. పెద్ద కంపెనీలు మొదటిసారి ఈ భారాన్ని కొంత నేరుగా మోశాయి. పాత లారీ ఓనర్లు ఏళ్ల తరబడి పడుతున్న చిక్కు, అంటే చట్టప్రకారం సంపాదించిన వస్తువు ఒక తేదీతో విలువ కోల్పోవడం, రెండు రోజులపాటు దేశమంతటికీ వార్త అయింది.

వయసా, పరీక్షా?

మీలో ఒకరు ఈపాటికి అడిగి ఉంటారు: బండి వయసు చూడటమెందుకు, పొగే చూడవచ్చు కదా? బాగా చూసుకున్న పన్నెండేళ్ల లారీ, పాడుచేసిన ఆరేళ్ల లారీ కంటే శుభ్రంగా ఉండవచ్చు. లారీ సంఘాల వాదనా ఇదే.

వాదన బాగుంది. చిక్కు పరీక్షలో ఉంది. పొగ పరీక్షలో లారీని నిలబెట్టి, గేరు వేయకుండా, యాక్సిలరేటరు గట్టిగా తొక్కి, వచ్చిన పొగలోంచి కాంతి ఎంత దూరిపోతుందో కొలుస్తారు. బి.ఎస్. 3 దాకా వచ్చిన డీజిల్ బండ్లకు హార్ట్రిడ్జ్ కొలమానంలో 65 వరకు, బి.ఎస్. 4 బండికి 50 వరకు పరిమితి. ఇది కొలిచేది కంటికి కనిపించే పొగను. నత్రజని ఆక్సైడులను అది కొలవదు. ఊపిరితిత్తుల లోతుకు పోయే అతిసన్నని రేణువులు కాంతిని అంతగా అడ్డుకోవు. పైగా లారీ అసలు మురికి బయటపడేది పది పదిహేను టన్నుల లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు. పరీక్షలో బండి ఖాళీగా నిలబడి ఉంటుంది. ఇక పొగను చూడకుండానే పత్రం రాసిచ్చే కేంద్రాలున్నాయని రోడ్డు మీద అందరికీ తెలుసు. పరీక్ష మీద నమ్మకం లేకే కోర్టులు వయసును పట్టుకున్నాయి. వయసును దిద్దలేరు. అది రిజిస్ట్రేషన్ కాగితం మీదే ఉంటుంది.

మరి పాత ఇంజనుకే కొత్త వడపోత తగిలించకూడదా? పాత ఇంజను మసి అంత ఎక్కువ కాబట్టి వడపోత త్వరగా పూడిపోతుంది. పట్టిన మసిని అప్పుడప్పుడు కాల్చేయడానికి కావలసినంత వేడి పొగలో ఉండాలి; నిదానంగా తిరిగే బండిలో అది రాదు. ఆ పని సమయానికి చేయించే కంప్యూటర్ పాత ఇంజనులో లేదు. కొన్ని దేశాల్లో కొన్ని రకాల బండ్లకు ఇది చేశారు. ఖర్చు మాత్రం మన మూడో యజమాని బండి ధరతో పోటీ పడుతుంది.

2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన పాత వాహనాల తుక్కు విధానం, దేశం మొత్తానికీ, వయసు కంటే ఫిట్‌నెస్‌నే కొలబద్దగా తీసుకుంది. బండి యంత్రాల పరీక్షలో తప్పితేనే తుక్కు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంటితో చూసి ఎఫ్.సి. ఇచ్చే పద్ధతి పోయి యాంత్రిక పరీక్షా కేంద్రాలు రావాలన్నారు. సూత్రం మంచిదే. కాని వయసు వెనుక తలుపునుంచి లోపలికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన పెద్ద లారీ ఎఫ్.సి. రుసుమును 12,500 రూపాయలు చేశారు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్.సి. ఏటా చేయించాల్సిందే. రాష్ట్రాల హరిత పన్ను దీనికి అదనం. ఆంధ్రప్రదేశ్ 2021లో దాన్ని బండి వయసును బట్టి బాగా పెంచింది. పక్క రాష్ట్రాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువని లారీ ఓనర్లు ఆందోళన చేశాక 2025లో తగ్గించింది.

తుక్కుకిచ్చే వారికి ప్రోత్సాహకాల లెక్క కూడా చూడండి. తుక్కు విలువ కొత్త బండి షోరూము ధరలో 4 నుంచి 6 శాతం. కొత్త లారీ 30 లక్షలనుకుంటే, చేతికి వచ్చేది లక్షా 20 వేల నుంచి లక్షా 80 వేలు. దానితోపాటు ఇచ్చే ధ్రువపత్రం చూపిస్తే కొత్త వాణిజ్య వాహనం రోడ్డు పన్నులో 15 శాతం వరకు రాయితీ. కంపెనీ 5 శాతం తగ్గించి ఇవ్వాలని సలహా. ఈ రాయితీలన్నీ ఎవరికి? కొత్త లారీ కొనేవారికి. మన మూడో యజమాని కొత్త లారీ కొనడు. ఆయన పాత బండి పోతే మరో పాత బండే కొంటాడు. ధ్రువపత్రాన్ని మరొకరికి అమ్ముకోవచ్చు కాబట్టి ఎంతో కొంత రావచ్చు. కాని పథకం రాసినవారి కళ్ల ముందున్నది మొదటి యజమాని అని తెలిసిపోతూనే ఉంది. పాత బండిని ఇచ్చి ఐదారేళ్ల బి.ఎస్. 4 బండిని కొనుక్కునేందుకు చవక వడ్డీ అప్పు ఇచ్చి ఉంటే, మసి ఐదో వంతుకు తగ్గేది, లారీల వరుసలో చివరి మనిషి మిగిలేవాడు. నా అభిప్రాయం ఇది; కాదనేవారు ఉంటారు.

కాలిఫోర్నియాలో ఏం చేశారు?

పాత లారీల మీద నేరుగా ప్రమాణం పెట్టిన చోటు ఒకటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర వాయు వనరుల బోర్డు 2008 డిసెంబరులో ఒక నియమం ఆమోదించింది. అక్కడ తిరిగే పెద్ద డీజిల్ లారీలన్నీ, ఏ ఏటివైనా సరే, క్రమంగా వడపోతలు పెట్టుకోవాలి లేదా ఇంజను మార్చుకోవాలి. 2023 జనవరి 1 నాటికి దాదాపు అన్నింటికీ 2010 లేదా ఆ తర్వాతి ఇంజను ఉండాలి. లేకపోతే రిజిస్ట్రేషనే కాదు. 14 ఏళ్ల గడువు, ఏటేటా ఏ లారీ ఏం చేయాలో పట్టిక, బండి మార్చుకునేవారికి ప్రభుత్వ నిధుల నుంచి సాయం. మన మూడు నెలల మూడు గడువులతో పోల్చి చూడండి.

అక్కడా చిన్న ఓనర్లున్నారు. వారిలో పంజాబు నుంచి వెళ్లి స్థిరపడిన సిక్కులు ఎందరో. 2014లో బోర్డు చిన్న యజమానుల కష్టం చూసి గడువులు సడలించింది. అప్పుడొక విచిత్రం జరిగింది. సడలింపును కోర్టులో ప్రశ్నించింది పర్యావరణవాదులు కాదు, మరో లారీల యజమాని. నేను అప్పు చేసి సమయానికి బండ్లు మార్చాను. మార్చనివాళ్లకు గడువు పెంచితే వాళ్లు నాకంటే తక్కువ కిరాయికి సరుకు మోస్తారు, చట్టం పాటించినందుకు నేను నష్టపోవాలా అన్నది ఆ సంస్థ వాదన. 2018లో అప్పీలు కోర్టు ఆ సంస్థ పక్షానే తీర్పిచ్చింది. కఠినత్వం ఒక ఓనర్‌ను ముంచితే, సడలింపు ఇంకో ఓనర్‌ను ముంచిందన్నమాట. గడువు చివర్లో దయ చూపడం కంటే మొదట్లోనే సాయం చేయడం ఎందుకు మేలో ఈ కేసు చెబుతుంది.

మళ్లీ ఢిల్లీకి వస్తే, 2025 నవంబరు 1 నుంచి బయటి రాష్ట్రాల్లో రిజిస్టరైన బి.ఎస్. 3, అంతకు పాత డీజిల్ సరుకు వాహనాలకు రాజధానిలో ప్రవేశం లేదని వాయు నాణ్యతా నిర్వహణ కమిషన్ ఆదేశించింది. బి.ఎస్. 4 లారీలకు 2026 అక్టోబరు 31 వరకు గడువిచ్చింది. ఈసారి గీత వయసు మీద కాకుండా ప్రమాణం మీదే పడింది. 2017 ఏప్రిల్‌లో సరికొత్త ప్రమాణమని చెప్పి అమ్మిన బి.ఎస్. 4 లారీకి ఆ గడువునాటికి తొమ్మిదేళ్లు దాటుతాయి. మామూలు లెక్కన అది రెండో యజమాని చేతినుంచి మూడో యజమాని చేతికి వెళ్లే వేళ.